ఒంటి సీటు జీటీని జంట బండి చేసుకోవడం

రుషికొండ దాటకముందే మా ఆవిడ నా భుజం మీద మూడుసార్లు తట్టింది. మూడుసార్లు తడితే వెంటనే ఆపాలని బయల్దేరేటప్పుడే ఒప్పందం. ఆపాను. దిగి, హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టింది. "మీరు భీమిలి వెళ్లి రండి. నేను ఆటోలో ఇంటికెళ్తాను" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. అప్పటికి మేం పదిహేను కిలోమీటర్లు కూడా రాలేదు.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650, 2019 మోడల్, సెకండ్ హ్యాండ్. మొదటి ఓనరు కుర్రాడు. లుక్ కోసం ఒంటి సీటు వేయించుకుని, గ్రాబ్ రైల్ (వెనక మనిషి పట్టుకునే కడ్డీ), శారీ గార్డ్ (బట్టలు చక్రంలో పడకుండా ఆపే కంచె), వెనక ఫుట్‌రెస్టులు అన్నీ పీకించేశాడు. నేను ఫుట్‌రెస్టులు తిరిగి బిగించి, ఎవరో వాడేసిన జంట సీటు ఒకటి దొరికితే తగిలించి, ఇక రెడీ అనుకున్నాను. ఆ సీటులో ఫోమ్‌ని ఎవరో ముందే కోసి పలచన చేశారని తర్వాత కవర్ విప్పితే తెలిసింది.

జీటీ అన్న పేరే తొందర మనుషులది. 1964లో బ్రిటన్‌లో వచ్చిన 250 సీసీ కాంటినెంటల్ జీటీని స్కాట్లాండ్ కొస జాన్ ఓ గ్రోట్స్ నుంచి ఇంగ్లండ్ కొస లాండ్స్ ఎండ్ దాకా, రైడర్లు మారుతూ, 24 గంటల్లోపు తీసుకెళ్లి చూపించారు. ముందుకు వంగి, కాళ్లు వెనక్కి పెట్టి, ఒక్కడే దూసుకుపోయే వాడి కోసం పుట్టిన వాటం అది. 2018లో మన దగ్గరికి వచ్చిన 650కీ అదే వాటం. 648 సీసీ, రెండు సిలిండర్లు, 47 హార్స్‌పవర్, 52 న్యూటన్ మీటర్ల టార్క్. ఇద్దర్ని మోయడానికి ఇంజిన్‌కి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా కూర్చోవడంలోనే.

నేను పోర్టులో క్రేన్ల మెయింటెనెన్స్ చేస్తాను. ఏదైనా పార్టు మార్చే ముందు లోడు ఎక్కడ పడుతోందో చూడటం మాకు అలవాటు. ఆ అలవాటు బండి దగ్గర ఎందుకు పనికి రాలేదో గానీ, మొదట నేనూ అందరిలాగే హ్యాండిల్ మార్చేద్దామనుకున్నాను. నా మణికట్లు నొప్పి పుడుతున్నాయి కదా! అదృష్టం, ఆ నెల చేతిలో డబ్బుల్లేవు. లేకపోతే తప్పు చివర నుంచి మొదలుపెట్టేవాణ్ణి. ఈ పని వెనక సీటు నుంచి ముందుకు రావాలి. ఎందుకో హ్యాండిల్ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ముందు ప్రశ్నలు

వెనక కూర్చునేవాళ్లని "ఎలా ఉంది?" అని అడిగితే "బానే ఉంది" అంటారు, లేదా ఆటో ఎక్కుతారు. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్లకి అని అడగాలి. ఎక్కిన ఐదు నిమిషాలకే నొప్పి మొదలైతే సీటు ఆకారం బాగాలేదని అర్థం. నలభై కిలోమీటర్ల తర్వాత మొదలైతే ఫోమ్ అణిగిపోతోంది. గతుకు పడ్డప్పుడే వెన్నులోకి పోటు వస్తే సస్పెన్షన్ సంగతి. బ్రేకు వేసినప్పుడల్లా ముందుకి జారితే సీటు వాలు, పట్టు రెండూ తేడా. మోకాళ్లు పట్టేస్తే సీటుకీ ఫుట్‌రెస్టుకీ మధ్య దూరం చాలలేదు.

మా ఆవిడ కాగితం మీద రాసిచ్చింది. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు, నంబర్లు వేసి మరీ రాసింది. ఒకటి, జారిపోతున్నా. రెండు, మోకాళ్లు గుండెల దాకా వస్తున్నాయి. మూడు, పట్టుకోడానికి మీరు తప్ప ఏమీ లేదు. నాలుగు, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ ఎగిరి పడుతున్నా. ఆ కాగితం ఇంకా నా టూల్ బాక్సులో ఉంది.

పైసా ఖర్చు లేని పని: వెనక షాక్‌లు

నాలుగో నంబరుతో మొదలుపెట్టాను, ఖర్చు లేదు కాబట్టి. ఈ బండికి వెనక రెండు గ్యాస్ షాక్ అబ్జార్బర్లు, వాటి ప్రీలోడ్, అంటే బరువు పడకముందే స్ప్రింగ్‌ని ఎంత నొక్కి ఉంచాలన్నది, ఐదు మెట్లలో మార్చుకోవచ్చు. స్ప్రింగ్ కింద మెట్లు మెట్లుగా ఉన్న రింగు ఉంటుంది, కొక్కెంలా వంగిన సి-స్పానర్‌తో తిప్పాలి. నా బండిలో కుర్రాడు ఒకటో మెట్టులోనే వదిలేశాడు. ఒక్కడి బరువుకి అది చాలు.

కొలత ఇలా తీసుకోండి. మెయిన్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాలిలో ఉండగా, ఇరుసు మధ్య నుంచి నిటారుగా పైన సీటు అంచు కింద ఒక టేపు ముక్క అంటించి, ఆ దూరం రాసుకోండి. తర్వాత స్టాండ్ తీసి ఇద్దరూ బూట్లు, హెల్మెట్లు, బ్యాగుతో సహా ఎక్కండి. రెండుసార్లు ఊగి నిలిచాక ఇంకొకరు మళ్లీ కొలవాలి. మాకు పక్కింటి అబ్బాయి కొలిచాడు. రెంటికీ తేడాయే బరువుకి బండి దిగిన లెక్క.

నేను 78 కిలోలు, ఆవిడ 62, బ్యాగు 6. ఒకటో మెట్టులో 39 మిల్లీమీటర్లు దిగింది. వెనక చక్రం మొత్తం ఆడేదే 88. అంటే కదలకుండా కూర్చుంటేనే దాదాపు సగం అయిపోయింది, గతుకుకి మిగిలింది ఏముంది? మూడో వంతు చుట్టుపక్కల, అంటే 30 దగ్గర ఉంటే బాగుంటుంది. నాలుగో మెట్టులో 31 వచ్చింది. అక్కడ ఆపాను. రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి, ఇది మర్చిపోయేవాళ్లని చూశాను.

ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందని చాలామంది చెబుతారు. స్ప్రింగ్ అదే స్ప్రింగ్. బరువు పడ్డాక బండి వెనక భాగం ఎంత ఎత్తులో నిలబడుతుందన్నదే మారుతుంది. మీ ఇద్దరి బరువు మాకంటే బాగా ఎక్కువై, ఐదో మెట్టులో కూడా 40 దాటితే అప్పుడు బరువుకి తగ్గ స్ప్రింగ్ ఉన్న షాక్‌లు కొనుక్కోవాలి. మాకు ఆ అవసరం పడలేదు.

ఇదే రోజు ఇంకో మూడు పనులు చూసుకోండి. టైర్లలో గాలి, మాన్యువల్‌లో ఇద్దరికి వేరే అంకె ఉంటుంది, అది పెట్టండి. చైను లూజు, ఇద్దరూ కూర్చున్నాక కూడా బిర్రుగా ఉండకూడదు. హెడ్‌లైటు, వెనక బరువు పడితే ముందు లేస్తుంది, వెలుగు ఎదుటి లారీ డ్రైవరు కళ్లలోకి పోతుంది. గోడ ముందు ఇద్దరూ కూర్చుని దించుకోండి.

సీటు

ఇక్కడ తొందరపడి ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాను. మొదట వెళ్లిన షాపువాడు బొటనవేలితో ఫోమ్ నొక్కి చూపించి "ఎంత మెత్తగా ఉందో చూడండి సార్" అన్నాడు. నిజమే, దూదిలా ఉంది. ముప్పై కిలోమీటర్లకి కింద ప్లాస్టిక్ బేస్ ఎముకలకి తగిలింది. షాపులో బొటనవేలికి హాయిగా ఉన్న సీటు రోడ్డు మీద పనికిరాదు. సోఫా మీద రెండు గంటలు కదులుతూ కూర్చుంటాం, బండి మీద కదలడానికి లేదు.

రెండోసారి ముందు ఇంట్లో ప్రయోగం చేశాను. స్నానం తువ్వాళ్లు మూడు మడతపెట్టి, పాత సీటు మీద పరిచి, పాత చున్నీతో గట్టిగా కట్టి, ఆవిడని ఎక్కించుకుని సబ్బవరం దాకా వెళ్లొచ్చాం. చూసినవాళ్లు నవ్వారు, నవ్వనీండి. ఎక్కడ ఎత్తు కావాలో, ఎక్కడ తగ్గాలో ఆ తువ్వాళ్లే చెప్పాయి. వెనక భాగం ముందుకి వాలి ఉండటం వల్ల జారుతోంది కాబట్టి ముందు అంచు కింద ఒక మడత ఎక్కువ పెట్టాం, జారడం ఆగింది. మొత్తం ఎత్తు ఒక అంగుళం పెరిగితే మోకాళ్లకీ కొంచెం సుఖం. రెండంగుళాలు పెంచి చూస్తే మాత్రం ఆవిడ తల నా తల కంటే బాగా పైకి వెళ్లి, గాలంతా మొహానికి కొట్టింది. పైగా మలుపుల్లో బండి బరువు తల మీద పెట్టుకున్నట్టు తూలింది.

ఆ కొలతలు పట్టుకుని పాతపోస్టాఫీసు వైపు ఆటో సీట్లు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. బైకుల సీట్లు కుట్టేవాళ్ల కంటే ఆటో సీట్లు కుట్టేవాళ్లకి రోజంతా కూర్చునేవాడి బాధ బాగా తెలుసు. ఇది నా అభిప్రాయం, మీ ఊళ్లో వేరుగా ఉండొచ్చు. ఆయన చేసిన పని ఇది:

పాత ఫోమ్ మొత్తం పీకేసి, బేస్ ప్లేటు పగుళ్లు చూశాడు. కింద పొర రీబాండెడ్ ఫోమ్, అంటే ముక్కల్ని అతికించి నొక్కిన గట్టి ఫోమ్, ఇది అణగదు. దాని మీద 40 డెన్సిటీ ఫోమ్. పైన అరంగుళం మెత్తటి పొర, అది చర్మానికి మాత్రమే. మూడూ అతికించాక బ్లేడుతో చెక్కి, గ్రైండర్‌తో అంచులు గుండ్రంగా తీశాడు. వెనక కూర్చునేచోట వెడల్పు తొమ్మిదిన్నర అంగుళాలు పెట్టాడు. నేను కూర్చునే చోట ముందు వైపు సన్నగానే ఉంచమన్నాను, లేకపోతే సిగ్నల్ దగ్గర నా కాళ్లు నేలకి ఆనవు. నాకూ ఆవిడకీ మధ్య చిన్న మెట్టు. ఆ మెట్టు మా ఇద్దరికీ లాభం: ఆవిడ జారి నా మీదకి రాదు, నా నడుముకి వెనక ఆనుకోడానికి ఒక అంచు దొరుకుతుంది.

కవర్ కుట్టించే ముందు ఒక ట్రయల్ అడగండి. ఫోమ్ మీద పాలిథిన్ కవరు చుట్టి బండికి తగిలించి, ఓ ఇరవై కిలోమీటర్లు తిరిగొస్తానని చెప్పండి. పెద్దాయన మొదట మొహం చిట్లించాడు, టీ డబ్బులిస్తే ఒప్పుకున్నాడు. తిరిగొచ్చి ఎడమ తొడ దగ్గర అర అంగుళం తీయించాం. కవర్ కుట్టేశాక అయితే ఆ అర అంగుళం అలాగే ఉండిపోయేది.

కవర్‌కి నున్నటి మెరుపు రెక్సిన్ వద్దు, జారుతుంది, ఎండలో పెనం అవుతుంది. కొంచెం గరుకుది తీసుకోండి. కుట్లు పక్కలకి రావాలి, కూర్చునేచోట డిజైను కుట్లు వేస్తే సూది కన్నాల్లోంచి వాన నీళ్లు దిగి ఫోమ్ స్పంజిలా పీలుస్తుంది. వాన ఆగిన మర్నాడు కూడా బట్టలు తడుస్తాయి. ఫోమ్‌కీ రెక్సిన్‌కీ మధ్య మందపాటి పాలిథిన్ పొర వేయించుకుంటే నిశ్చింత. మొత్తం నాకు 3,400 అయింది, టీ కాక.

కాళ్లు, చేతులు

ఫుట్‌రెస్టులు కిందకి దించే బ్రాకెట్లు దొరుకుతాయి. నేను వేయలేదు. ఈ బండికి రెండు పక్కలా సైలెన్సర్లు పైకి లేచి ఉంటాయి, పాదం దించితే మడమ ఎక్కడ తగులుతుందో చూసుకోవాలి. సీటు అంగుళం లేచాక మోకాళ్ల సమస్య చాలావరకు తీరింది. ఫుట్‌రెస్టుల మీద రబ్బరు మాత్రం ఉండాల్సిందే. నేను మొదట బిగించినవి ఉత్త అల్యూమినియం కడ్డీలు, అవి తీసి రబ్బరువి వేశాను. అరికాళ్లలో జివ్వుమనడం తగ్గింది.

గ్రాబ్ రైల్ సౌకర్యం సంగతి తర్వాత, అది చట్టం కూడా. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 123వ రూలు ప్రకారం వెనక కూర్చునేవారికి చేతి పట్టు, ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. శారీ గార్డ్ పీకేస్తే లుక్ వస్తుందని కుర్రాళ్లు అంటారు. మా ఆవిడ ఎక్కేది సల్వార్, జీన్స్‌లతోనే, అటో కాలు ఇటో కాలు వేసే. అయినా చున్నీ చున్నీయే. చైను ఎడమ పక్కనే ఉంది. గార్డ్ తిరిగి వేయించాను.

రైల్ కొనేటప్పుడు రెండు విషయాలు. అది ఫ్రేముకి బిగించేదై ఉండాలి, మడ్‌గార్డుకి కాదు. చేతులు తొడల పక్కకి వచ్చేలా ఉంటే మంచిది. నడుము వెనక్కి చేతులు మెలితిప్పి పట్టుకునే రకం పది నిమిషాలకే భుజాలు లాగేస్తుంది. కఫే రేసర్ లుక్ కోసం, అంటే పాత రేసు బండిలా పొట్టిగా కనబడాలని, వెనక ఫ్రేము కోసి పొట్టి చేయించిన బండి కొంటే మాత్రం ఇవేవీ చేయకండి, ఆ బండి మీద ఇద్దరు ఎక్కొద్దు. కోసి వెల్డింగ్ చేసిన గొట్టం మీద మనిషిని కూర్చోబెట్టడం నా ఉద్యోగంలో నేరం కింద లెక్క. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చొద్దనే చెబుతుంది. ఇంజిన్, ఫ్రేము, సైలెన్సర్ జోలికి నేను పోలేదు. పెద్ద శబ్దం సైలెన్సర్ పెట్టి వెనక మనిషికి సుఖం అంటే ఎవరు నమ్ముతారు, చెవులు ఆవిడవి కదా.

హ్యాండిల్, ఆఖరున

ఇప్పుడు చెబుతాను. బ్రేకు వేస్తే వెనక మనిషి బరువు ముందుకి వస్తుంది. జారే సీటు, పట్టు లేని బండి అయితే ఆ బరువంతా నా వీపు మీద పడి, అక్కడి నుంచి భుజాల్లోకి, మోచేతుల్లోకి, చివరికి ఆ కురచ క్లిప్-ఆన్ హ్యాండిల్ (రెండు వైపులా విడివిడిగా బిగించే పొట్టి హ్యాండిల్) మీద నా మణికట్లలోకి దిగేది. సీటు సరిచేసి రైల్ పెట్టాక నా చేతుల నొప్పి సగం దానంతట అదే పోయింది. ముందే హ్యాండిల్ మార్చి ఉంటే ఆ సగం ఎక్కడి నుంచి వస్తోందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

మిగిలిన సగం కోసం అదే కంపెనీ ఇంకో బండి, ఇంటర్‌సెప్టర్ 650 హ్యాండిల్ వేయించాను. రెండు బండ్లకీ ఇంజిన్, ఫ్రేము ఒకటే. ఇంటర్‌సెప్టర్‌ది పైకి లేచిన వెడల్పు హ్యాండిల్. జీటీ పై యోక్ (ముందు ఫోర్కు గొట్టాల్ని పైన కలిపి పట్టే పలక) మీద దాన్ని బిగించే క్లాంపులకి చోటు లేదు, కాబట్టి యోక్ కూడా ఇంటర్‌సెప్టర్‌దే కావాలి. దానితో పాటు క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుళ్లు, ముందు బ్రేక్ హోస్ పొడవు సరిపోతాయో లేదో ఒక్కొక్కటీ చూడాలి. సాగదీసి సరిపెట్టడం ఒప్పుకోకండి. బ్రేక్ హోస్ విప్పితే కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ పోసి గాలి పూర్తిగా తీయించండి.

బిగించాక ఒక పరీక్ష తప్పనిసరి. బండి న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ని ఎడమ చివరి నుంచి కుడి చివరికి నెమ్మదిగా తిప్పండి. ఇంజిన్ మోత మారకూడదు. మారితే కేబుల్ లాగేస్తోంది. ఘాట్ రోడ్డు హెయిర్‌పిన్ మలుపులో, వెనక మనిషి ఉండగా, మీరు తిప్పకుండానే యాక్సిలరేటర్ పెరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. జీటీ ఫుట్‌రెస్టులు ఇంటర్‌సెప్టర్ కంటే వెనక్కి ఉంటాయి. హ్యాండిల్ ఒక్కటే లేపితే ఒళ్లు నిటారుగా, కాళ్లు వెనక్కి, కుర్చీ అంచు మీద మోకరించినట్టు అవుతుంది. నాకు వారంలో అలవాటైంది. మీకు నడుము నొప్పి ఉంటే హ్యాండిల్ మరీ ఎత్తు చేయకండి, కొంచెం ముందుకి వంగి ఉండటమే మేలు.

సామాను, ఘాట్ రోడ్డు

వెనక కొసన పెద్ద బాక్సు పెట్టి అందులో బరువు నింపొద్దు. ఇరుసు వెనక పడే ప్రతి కిలో ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది, స్పీడులో హ్యాండిల్ ఊగుతుంది. మేం చిన్న బ్యాగు ఒకటి ట్యాంకు మీద పెడతాం, వానకోట్లు, స్పేర్ ట్యూబు మాత్రమే వెనక. స్పోకు చక్రాలు, ట్యూబు టైర్లు కాబట్టి ట్యూబు తప్పదు. పక్క బ్యాగులు వేలాడదీస్తే పైకి లేచిన సైలెన్సర్‌కి అంటుకుంటాయి. బ్యాగులు తగిలించే ముందే వాటిని సైలెన్సర్‌కి ఎడంగా ఆపే ఇనప కమ్మీ (స్టే) వేయించండి. మా బావమరిది బ్యాగు కరిగి, లోపలి లుంగీకి చిల్లు పడింది.

అసలు పరీక్ష అరకు. విశాఖ నుంచి దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలు, తైడా, అనంతగిరి, గాలికొండ మీదుగా. ఎక్కేటప్పుడు ఏ తేడా తెలియలేదు. అనంతగిరి దగ్గర కాఫీకి ఆగితే, ఆవిడ దిగి నిలబడింది, నడుము మీద చెయ్యి వేయలేదు. నేను ఏమీ అడగలేదు.

దిగేటప్పుడు రెండు హెల్మెట్లు టక్కు టక్కుమని తగలడం మొదలైంది. దానికి ఏ పార్టూ అమ్మరు. గేరు దించేటప్పుడు నేను క్లచ్ విసురుగా వదులుతున్నాను. స్లిప్పర్ క్లచ్ ఉంది కాబట్టి చక్రం పట్టేయదు, కానీ వెనక మనిషి తల మాత్రం ఊగుతుంది. మూడో గేరులో ఉంచి, ఇంజిన్ బ్రేకింగ్ మీద దిగుతూ, మలుపుకి ముందే వెనక బ్రేకు మెల్లగా ముట్టించి తర్వాత ముందుది వేస్తే టక్కులు ఆగాయి. మలుపులో ఆవిడ నా భుజం మీదుగా మలుపు లోపలి వైపు చూడాలని మాత్రం ముందే చెప్పుకున్నాం. అలా చూస్తే ఒళ్లు దానంతట అదే బండితో పాటు వంగుతుంది.

ఇంటికొచ్చాక స్పానర్లు తీసి, కొత్తగా బిగించిన ప్రతి బోల్టూ మళ్లీ చూశాను. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఇది చేయాల్సిందే, మన సముద్రం గాలికి ఓ చుక్క గ్రీజు కూడా పెట్టాలి. గ్రాబ్ రైల్ కుడి పక్క బోల్టు పావు చుట్టు వదులైంది. బిగించి, తల మీద తెల్ల పెయింటుతో గీత గీశాను, మళ్లీ కదిలితే కనబడేలా. ఆవిడ కాగితం తీసుకుని ఐదో నంబరు రాసింది: బండి ముందు గాలి ఆపే అద్దం పెట్టించండి, పురుగులన్నీ నా హెల్మెట్‌కే.